కాండిన్‌స్కీ పుస్తకం చదవకుండా ఆయన బొమ్మ చూడకూడదా?

నల్లబల్ల
నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుని. పిల్లలకు చూపిద్దామని రష్యన్ చిత్రకారుడు వసీలీ కాండిన్‌స్కీ 1913లో వేసిన, ఏ వస్తువూ ఇదీ అని పోల్చుకోలేని ‘కంపోజిషన్ 7’ ప్రింటు తెస్తే, ఒక మిత్రుడు “ముందు ఆయన పుస్తకం చదవండి, తర్వాత బొమ్మ గురించి మాట్లాడండి” అన్నారు. ‘కళలో ఆధ్యాత్మికత గురించి’ అన్న ఆ పుస్తకం 1911 డిసెంబరులో మ్యూనిక్‌లో వచ్చింది. బొమ్మకు కొలత బయటి వస్తువుతో పోలిక కాదు, గీసేవాడి లోపలి అవసరం అంటాడు అందులో. పసుపును బాకా మోతతో, ముదురు నీలాన్ని చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) నాదంతో పోలుస్తాడు. నాకైతే, పుస్తకం చదివితేనే తెలిసే బొమ్మ సగం బొమ్మే. మీరేమంటారు?

గడపపసుపు
మాస్టారూ, నాకు ఆ రంగుల లెక్కే నచ్చలేదు. పసుపు ముదిరితే పిచ్చిని గుర్తు చేస్తుందట! మనకు పసుపంటే గడప, మంగళస్నానం, తాళిబొట్టు తాడు. ఒక మనిషికి అనిపించింది లోకమంతటికీ సూత్రం ఎలా అవుతుంది?

పొడుగుకుంచె
అమ్మా, ఆయన శుభాశుభాలు చెప్పలేదండి. ఆయన మాట ముఖ్యంగా రంగు కదలిక గురించి. ఒకే సైజులో రెండు గుండ్రాలు గీసి, ఒకటి పసుపు, ఒకటి నీలం నింపి కాసేపు చూడమంటాడు. పసుపు మన వైపు పొంగుతుంది, నీలం నత్త గుల్లలోకి ముడుచుకున్నట్టు వెనక్కి పోతుంది. గడప వీధిలోంచే కంటపడేదీ అందుకేనేమో. తర్వాత జర్మనీలో బౌహౌస్ అనే కళల బడిలో పాఠాలు చెబుతున్నప్పుడు ప్రశ్నపత్రం కూడా పంచాడు: త్రిభుజం, చతురస్రం, వృత్తం, దేనికి ఏ రంగు? ఎక్కువమంది త్రిభుజానికి పసుపు, చతురస్రానికి ఎరుపు, వృత్తానికి నీలం అన్నారు.

గడపపసుపు
అదే బడిలో ఉన్నవాళ్లని అడిగితే గురువుగారి జవాబే వస్తుంది కదండీ, దాన్ని రుజువు అనలేను. గుండ్రాలు మాత్రం మా అమ్మాయి రంగులతో ఇప్పుడే వేసి చూశాను. పసుపు నిజంగానే ముందుకొచ్చింది. కదలిక ఒప్పుకుంటాను, పిచ్చి ఒప్పుకోను.

నల్లబల్ల
నా ప్రశ్న పక్కకి పోతోంది. ఆయన అనుభవమే చూడండి. మాస్కోలో లా చదివి, 30 ఏళ్ల వయసులో 1896లో బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లాడు. అంతకుముందు మాస్కోలో ఒక ప్రదర్శనలో ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే వేసిన గడ్డివాము చూశాడు. అది గడ్డివామని కేటలాగ్ చూస్తేగానీ తెలియలేదు, తెలియనందుకు బాధపడ్డాడు కూడా. అయినా ఆ బొమ్మ మనసులోంచి పోలేదని తనే రాసుకున్నాడు. అంటే పట్టుకున్నది కన్నే కదా, కేటలాగ్ కాదు!

పొడుగుకుంచె
అక్కడ మీతోనే ఉన్నాను మాస్టారూ. కళలో సిద్ధాంతం ముందు నడవదు, ఆచరణ వెనకే వస్తుందని ఆ పుస్తకంలోనే ఉంది. అయినా చదవమంటాను, ఎందుకంటే అందులో ఆయన భయం కనిపిస్తుంది. ప్రకృతితో బంధం ఇప్పుడే పూర్తిగా తెంచేసుకుంటే మిగిలేది నెక్‌టై మీద, తివాచీ మీద ఉండే డిజైనే అని హెచ్చరిస్తాడు. అది రాసే రోజుల్లో ఆయన కాన్వాసుల్లో గుర్రాలు, కొండలు ఇంకా పోలేదు. ఆ పుస్తకాన్ని బొమ్మకు తాళంచెవిలా ఇస్తున్నవాళ్లు ఈ తడబాటును దాచేస్తున్నారు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన చోటు ఇదే.

గడపపసుపు
మరి తివాచీ డిజైన్ అంటే అంత చిన్నచూపు ఎందుకండీ? మా అమ్మమ్మ 21 చుక్కల మెలికల ముగ్గు చెయ్యి ఎత్తకుండా వేసేది. అందులో పువ్వూ లేదు, పక్షీ లేదు, ఉన్నది గీతే. వాకిట్లో నిలబడి చూస్తూ ఉండిపోయేదాన్ని. దానికి లోపలి అవసరం లేదని ఎవరంటారు?

నల్లబల్ల
దీనికి నా దగ్గర జవాబు లేదమ్మా. సోమవారం క్లాసులో పేరు చెప్పకుండా ‘కంపోజిషన్ 7’ పెడతాను, పక్కనే బోర్డు మీద మీరు చెప్పిన మెలికల ముగ్గు. చుక్కల వరస ఎలా పెట్టాలో కాస్త రాసి పంపండి.