కోరాపుట్ కొండల్లో పొట్టంగి చలికి బయోడీజిల్ గడ్డకడుతోంది, ఏ మందు కలుపుతున్నారు?

సునాబెడ శీను: పికప్ బండి. పామాయిల్ బయోడీజిల్ 20 శాతం కలిపిన డీజిల్ కొట్టిస్తున్నా. నిన్న తెల్లవారుజామున సిమిలిగూడలో స్టార్టయింది, సుంకి ఘాట్ దిగకముందే ఆగిపోయింది. ఫిల్టర్ విప్పితే పేరిన నెయ్యిలా తెల్లగా ఉంది. చలికి పోసే మందు ఎవరైనా వాడారా? ఎంత, ఎప్పుడు పోయాలి?

సాలూరు లారీ: మందులెందుకు తమ్ముడూ. కోరాపుట్ ఎక్కే ముందు కాస్త కిరోసిన్ పోస్తాం. ఇన్నేళ్లలో ఒక్క చలికాలం కూడా బండి ఆగలేదు.

జయపురం పంపు మిస్త్రీ: కిరోసిన్ మాట ఎత్తకండి. 22 ఏళ్లుగా డీజిల్ పంపులు విప్పుతున్నా. కిరోసిన్‌కి జిడ్డు తక్కువ, పంపు అరిగిపోతుంది. పైగా అది కల్తీ కేసు.

సాలూరు లారీ: బయోడీజిల్‌కి డీజిల్ కంటే జిడ్డు ఎక్కువని మీకు తెలియదా? అది కలిసిన బండికి అరుగుదల ఎక్కడిది?

జయపురం పంపు మిస్త్రీ: పాత పంపు సంగతి వేరు. కామన్ రైల్ బండిలో, అంటే బాగా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కొత్తరకం ఇంజన్‌లో, ఇంజెక్టర్ పోతే డబ్బు మీరిస్తారా? తెలియని కుర్రాడికి తప్పు సలహా ఇవ్వకండి.

రాయగడ రాజు: ముందు మీ సాలూరు లారీలను ఘాట్‌లో లైట్లు డిమ్ చేయమనండి. ఎదురొచ్చేవాడికి రోడ్డే కనిపించదు.

గుణుపురం మాస్టారు: నేను కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి ఒకటి గట్టిగా చెప్పగలను. పామాయిల్‌లో త్వరగా పేరుకునే పామిటిక్ ఆమ్లం ఎక్కువ. అందుకే దాని బయోడీజిల్ ఒంటిగా ఉంటే 13–16 డిగ్రీలకే మబ్బు పడుతుంది, అంటే మైనంలాంటి పలుకులు కట్టి మసకబారుతుంది. ఈవీఏ, పాలీమెథాక్రిలేట్ అనే చలి మందులు ఆ మైనాన్ని కరిగించవు. పలుకులు పెద్దవై అల్లుకోకుండా చూస్తాయి, ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రతను దించుతాయి. మబ్బు పట్టే ఉష్ణోగ్రత మాత్రం పెద్దగా మారదు. కాబట్టి డీజిల్ వెచ్చగా ఉన్నప్పుడే పోయాలి. గడ్డకట్టాక పోస్తే డబ్బు దండగ.

పర్లాకిమిడి రైతు: మరి కానుగ నూనెది?

రాయగడ రాజు: మా బాబాయి ట్యాంకు కింద మంట పెట్టాడు. పైపు అంటుకుంది, చెయ్యి కాలింది. ఆ పని ఎవరూ చేయొద్దు, దండం పెడతా. ఫిల్టర్ మీద వేడినీళ్లు పోస్తే చాలు.

గుణుపురం మాస్టారు: బయోడీజిల్ తయారీలో పుట్టే గ్లిజరిన్‌ను సరిగా తీయని సరుకైతే ఏ మందూ పనిచేయదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 2005లో డీజిల్‌లో 2 శాతం బయోడీజిల్ తప్పనిసరి చేసింది. ఆ చలికాలమే ఫిల్టర్లు మూసుకుపోయాయి, కొంత సరుకులో గ్లిజరిన్ మిగిలిపోయిందని తేలింది. ఇంకో మాట. మన డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460లో ఫిల్టర్ మూసుకునే హద్దు చలికాలానికి 6 డిగ్రీలు, వేసవికి 18. డ్రమ్ములో వేసవి సరుకు దాచుకుంటే ఇక్కడ నిలవదు.

సాలూరు లారీ: ఆ 18 సంగతి నాకు తెలియదు మాస్టారూ. మేం కింద నింపుకుని పైకెక్కుతాం.

సునాబెడ శీను: మాస్టారు చెప్పినట్టే చేశా. మధ్యాహ్నం ఎండలో ఖాళీ ట్యాంకులో ముందు మందు పోసి, పైన డీజిల్ కొట్టించా. 1,000 లీటర్లకు 1 లీటరని డబ్బా మీద ఉంది, అదే కొలత. ఫిల్టర్ కొత్తది వేశా. ఈ పొద్దున గాజు సీసాలో తీసి చూస్తే కొంచెం మసకగా ఉంది, గడ్డ లేదు. ఘాట్ దిగి సాలూరులో టీ తాగుతున్నా. వచ్చేవారం 10 శాతానికి తగ్గించి చూస్తా.