జావా లిస్ట్‌లోంచి ఐటమ్ తీసేస్తే ఒకసారి ఎర్రర్, ఒకసారి ఏమీ రాదు. ఎందుకు?

ప్రశ్న:
మా మెడికల్ షాపు స్టాక్ కోసం జావాలో చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. మందులన్నీ ఒక అర్రేలిస్ట్‌లో ఉన్నాయి. ఫర్-ఈచ్ లూప్‌లో ఒక్కో మందూ చూస్తూ, ఎక్స్‌పైరీ దాటినదాన్ని అక్కడికక్కడే రిమూవ్ చేస్తున్నా. ఐదు మందులు పెట్టి చూస్తే, రెండోది తీసేసినప్పుడు కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ వచ్చి ఆగిపోతోంది. నాలుగోది తీసేస్తే మాత్రం చక్కగా నడుస్తోంది. నా కోడ్‌లో థ్రెడ్లే (ఒకేసారి పక్కపక్కన నడిచే పనులు) లేవు, మరి ఈ కాంకరెంట్, అంటే ‘ఒకేసారి’ గోలేంటి?

జవాబు 1:
లూప్‌ని ఇండెక్స్‌తో (వరుస నంబరుతో) చివరి నుంచి మొదటికి తిప్పండి. ఒకటి తీసేశాక ఖాళీలోకి ముందుకు జరిగే ఐటమ్‌లన్నీ అప్పటికే చూసేసినవే కాబట్టి ఇబ్బంది ఉండదు.

జవాబు 2:
ఆ పద్ధతి పనిచేస్తుంది. కానీ నా భయమంతా మీ నాలుగో మందు గురించే. అది చక్కగా నడవలేదండీ, ఐదోదాన్ని అసలు చూడకుండానే లూప్ అయిపోయింది. ఐదోదానికీ పాత తేదీ పెట్టి రన్ చేయండి, అది లిస్ట్‌లోనే మిగిలిపోతుంది.

ఫర్-ఈచ్ వెనక ఒక ఇటరేటర్ ఉంటుంది, లిస్ట్‌లోంచి ఒక్కో ఐటమ్‌నీ వరుసగా అందించేది అదే. ఇంకా ఉన్నాయా అని అడిగితే, తాను దాటిన లెక్క లిస్ట్ సైజుతో సమానమైందా అని మాత్రమే చూస్తుంది. నాలుగు దాటింది, మీరు ఒకటి తీసేశారు, సైజూ నాలుగైంది. ఇంకేం, అయిపోయిందనుకుంది. మీ రెండో మందులా మిగతా చోట్ల తీసేస్తే, తర్వాతి ఐటమ్ తీసుకోబోతూ మాడ్‌కౌంట్ అనే మార్పుల లెక్క చూస్తుంది. లిస్ట్‌లో చేర్చినా తీసేసినా ఆ అంకె పెరుగుతుంది; తనకు తెలియకుండా పెరిగితే ఎక్సెప్షన్ విసురుతుంది. ఒక్క థ్రెడ్ ఉన్నా ఇంతే.

జావా 8 నుంచి రిమూవ్‌ఇఫ్ ఉంది, షరతు ఇస్తే ఒక్క లైన్లో పని అయిపోతుంది. నేనైతే అదే వాడతాను. ఒక్కో మందుకీ ఇంకేదైనా పని చేయాలంటే ఇటరేటర్‌ని మీరే తీసుకుని, దాని రిమూవ్‌నే పిలవండి, లిస్ట్ రిమూవ్‌ని కాదు. ట్రై-క్యాచ్ పెట్టి ఎర్రర్‌ని మింగేయమని ఎవరు చెప్పినా దయచేసి వినకండి. ఇవి మనుషులు మింగే మందులు.

ప్రశ్న అడిగినవారు:
నిజమే, ఐదోది మిగిలిపోయింది! కాపీ ఆన్ రైట్ అర్రేలిస్ట్ వాడమని మా ఫ్రెండ్ అంటున్నాడు, అది పెట్టనా?

జవాబు 2 రాసినవారు:
ఎర్రర్ రాదు, కానీ ఒక్కో మందు తీసేసినప్పుడల్లా మొత్తం అర్రేని కాపీ చేస్తుంది. చాలా థ్రెడ్లు చదువుతూ, మార్పులు అరుదుగా జరిగే చోటుకి అది. మీకు అనవసరం.

జవాబు 3:
పైథాన్ వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. లూప్ మధ్యలో డిక్షనరీ సైజు మారితే రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది గానీ, లిస్ట్‌కి అసలేమీ రాదు. గడువు దాటినవి పక్కపక్కనే రెండుంటే రెండోదాన్ని దాటేసి వెళ్లిపోతుంది. ఉంచాల్సినవాటితో కొత్త లిస్ట్ కట్టుకోవడమే మేలు.