.270 ఆ, .280 ఆ, .30-06 ఆ? దుప్పికి, ఎల్క్‌కి కలిపి ఒక్క రైఫిల్ కొనాలె

నకిరేకల్_టు_డాలస్:
అన్నలూ, మాది నకిరేకల్ పక్కన పల్లె, ఇప్పుడు డాలస్‌ల ఉంటున్న. గ్రీన్ కార్డ్ వచ్చింది, హంటర్ ఎడ్యుకేషన్ క్లాస్ గూడ అయిపోయింది, టెక్సస్‌ల 1971 సెప్టెంబర్ 2 నుంచి పుట్టినోళ్లకు అది తప్పదు కద. ఇగ రైఫిల్ కొనాలె. ఈ ఏడు ఇక్కడ వైట్‌టెయిల్ దుప్పి, రెండు మూడేండ్లకు కొలరాడో పోయి ఎల్క్ అనే పెద్ద దుప్పి, రెంటికీ ఒక్కటే రైఫిల్. ఏ తూటాది కొనాల్నంటె, షాపాయన .270 అంటడు, దోస్తు .280 అంటడు, మా మేనేజరేమో .30-06 తప్ప వేరేది ముట్టొద్దంటడు. పది రోజుల సంది చదువుతనే ఉన్న, ఏదీ తెగుతలేదు.

దేవరకొండ_షికారి:
తమ్మీ, మూడూ ఒక్క తల్లి పిల్లలే. .30-06 1906ల వచ్చింది, దాని మూతి సన్నం చేసి 1925ల విన్‌చెస్టరోళ్లు .270 తీసిన్రు, 1957ల రెమింగ్టనోళ్లు గదే ఇంటి నుంచి .280 తీసిన్రు. .270 బుల్లెట్ లావు .277 అంగుళాలు, .280ది .284, అంటే తేడా రెండు మూడు వెంట్రుకలంత. దాని కోసం నిద్ర చెడగొట్టుకోకు. 200 గజాల కాడ గురి సరిగ్గ పడేటట్టు జీరో చేసి పెడితే 300 గజాల కాడ .270 130 గ్రెయిన్లది (గ్రెయిన్లంటె బుల్లెట్ బరువు) ఆరేడు అంగుళాలు దిగుతది, .30-06 165 గ్రెయిన్లది ఎనిమిది దాక దిగుతది. గంతే. టెక్సస్‌ల బ్లైండ్ల, అంటే దాక్కునే గుడిసెల కూసొని, మేత పెట్టే ఫీడర్ కాడికొచ్చే దుప్పిని కొట్టేది 100 గజాలల్లనే, ఆడ మూడూ ఒకటే. నేనైతే .270 తీస్కొమ్మంట.

పాలమూరు_అన్న:
దుప్పి వరకు ఒప్పుకుంట. కాని ఆయన ఎల్క్ అన్నడు. వైట్‌టెయిల్ మన చుక్కల దుప్పి అంత ఉంటది, మగ ఎల్క్ నల్లమల కణితి కంటె గూడ పెద్దది, 300 కిలోలు దాటుతది. దాని భుజం ఎముక మీద పడితే బరువున్న బుల్లెట్ కావాలె. .30-06ల 180, 200, 220 గ్రెయిన్ల దాక దొరుకుతయి, .270ల 150 కాడనే దాదాపు ఆగిపోతది. ఒక్క రైఫిల్ అన్నప్పుడు పెద్ద జంతువును చూసి కొనాలె, చిన్నదాన్ని చూసి కాదు.

దేవరకొండ_షికారి:
అన్నా, మీ మాట మీద గౌరవంతోనే చెప్తున్న, నేను మీరన్నట్టే చేసిన. మొదటి ఎల్క్ సీజన్‌ల నా చేతుల .30-06, 180 గ్రెయిన్లు, కొండ ఎక్కాలె కద అని తేలిక రైఫిల్ కొన్న. తేలిక రైఫిల్ అంటే తన్నుడు ఎక్కువ, భుజం నొస్తదని రేంజ్‌ల ఇరవై రౌండ్లు కొట్టి బంజేసిన. 260 గజాల కాడ మంచిగ పక్కకు తిరిగి నిలబడ్డది, ట్రిగ్గర్ గుంజేటప్పుడు నాకు తెల్వకుండనే కన్ను మూసుకున్న, భుజం ఎదురు నెట్టిన, దెబ్బ పోయి పొట్టల తాకింది. చీకటి పడేదాక రక్తపు చుక్కలు పట్టుకొని తిరిగినం, మళ్ల తెల్లారి మధ్యాహ్నం దాక, దొరకలే. ఇప్పటికీ ఆ లోయ యాదికొస్తె మనసు పాడైతది. 180 గ్రెయిన్లు నన్ను కాపాడలే, దాన్నీ కాపాడలే. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌ల .270 తన్నుడు 17 ఫుట్ పౌండ్ల కాడ ఉంటది, .30-06ది 20 దాక పోతది. మూడే కద అనిపిస్తది, నలభయ్యో రౌండ్ కాడ తెలుస్తది. కొలరాడో రూల్ గూడ ఎల్క్‌కి .24 క్యాలిబర్ (బుల్లెట్ లావు), 85 గ్రెయిన్లు, 100 గజాల కాడ 1000 ఫుట్ పౌండ్ల దెబ్బ ఉంటె చాలంటది, .270 అవన్నీ ఎప్పుడో దాటింది. క్యాలిబర్ కంటె బుల్లెట్ చూస్కో, ఎల్క్‌కి పోయేటప్పుడు పల్చటి తొడుగుది వద్దు, బాండెడ్ (తొడుగు లోపలి సీసానికి అతికించింది) గాని మొత్తం రాగిది గాని 150 గ్రెయిన్లు పెట్టు.

మిర్యాలగూడ_రీలోడర్:
.280ని ఎవరూ పట్టించుకుంటలేరు, బాధైతది. దాంట్ల పడే 7 ఎంఎం బుల్లెట్లు ఎన్ని రకాలున్నయో చూడుర్రి, 140 నుంచి 175 గ్రెయిన్ల దాక, తన్నుడు .270 లెక్కనే. దాని తప్పేం లేదు, పాపం దాన్ని అమ్మినోళ్లదే తప్పు, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కోసమని మొదట్ల ప్రెజర్ తక్కువ పెట్టిన్రు, 1979ల పేరు 7 ఎంఎం ఎక్స్‌ప్రెస్ అని మార్చిన్రు, జనం 7 ఎంఎం మ్యాగ్నమ్ అనే వేరే తూటాతోటి గందరగోళం పడుతున్నరని మళ్ల పాత పేరే పెట్టిన్రు. నా రౌండ్లల్ల మందు, బుల్లెట్ నేనే నింపుకుంట, నాకు దీనికి మించింది లేదు.

పాలమూరు_అన్న:
నువ్వు నింపుకుంటవ్ తమ్మీ, ఆయన నింపుకోడు కద. ఎల్క్ ఊర్లల్ల చిన్న షాపుకు పోతె .30-06, .270 డబ్బాలు ఉంటయి, .280 అడిగితె ముఖం చూస్తరు. విమానంల బ్యాగ్ తప్పిపోతె అప్పుడేం చేస్తడు?

హెచ్1బి_నల్లగొండ:
ఇంకో ముచ్చట, చదివేటోళ్లల్ల మనోళ్లు శానమంది వీసా మీద ఉన్నరు. గ్రీన్ కార్డ్ లేకుంటె ఇక్కడ తుపాకి ముట్టుడే ఫెడరల్ నేరం, అమెరికా హంటింగ్ లైసెన్స్ ఉన్నోళ్ల లాంటి కొందరికే మినహాయింపు. దోస్తు రైఫిల్ రేంజ్‌ల ఒక్కసారి పట్టుకుంటె ఏమైతది అనుకోకుర్రి. లైసెన్స్ తీస్కొని, లాయర్‌ని అడిగినంకనే.

మక్తల్_రైతు:
ఈడ మా కంది, పత్తి చేన్లల్ల కృష్ణజింకలు గుంపులు గుంపులుగ పడి మేస్తున్నయి, అయినా 1972 వన్యప్రాణి చట్టం ఉన్నది, చెయ్యి వెయ్యరాదు, వెయ్యం. మీరు ఆడ లైసెన్స్‌తోటి కొట్టుకోండ్రి, తప్పు పడుతలేను. కాని ఊరికొచ్చినప్పుడు ఈ ఫోటోలు చూపెట్టి పోరగాళ్లను ఎగదోయకుర్రి, ఒక్కడు చేసిండంటె జైలుకు పోయేది వాని ఇల్లంత.

నకిరేకల్_టు_డాలస్:
మంచి మాట అన్నా, గుర్తు పెట్టుకుంట. .280 పక్కన పెట్టిన, నాకు నింపుకునే ఓపిక లేదు. శనివారం మేనేజర్ .30-06 తెస్తున్నడు, రేంజ్‌ల .270 కిరాయికి దొరుకుతదట, ఒక్కోటి నలభై రౌండ్లు కొట్టి టార్గెట్ కాయితాలు పెడుత.

పాలమూరు_అన్న:
.30-06ని ముందు కొట్టు, భుజం అలిసిపోకముందే. అప్పుడు సమానంగ ఉంటది.

దేవరకొండ_షికారి:
లేదు తమ్మీ, అయిదు అయిదు రౌండ్లు మార్చి మార్చి కొట్టు. మధ్యల పేలని డమ్మీ తూటా ఒకటి మేనేజర్‌ని చెప్పకుండ పెట్టమను, నీ తుపాకి మూతి కిందికి వంగుతదో లేదో ఆయన చూస్తడు.