చవక చెక్క బల్ల: పైపలక చివర్ల అడ్డపలకను స్క్రూలతో బిగించేయవచ్చా?

సాదాబల్ల
పాతకాలపు మోటు బల్ల ఒకటి తక్కువ ఖర్చులో చేయాలి. పొడవు 1800, ఎత్తు 750 మి.మీ. పైన కట్టడాలకు వాడే పైన్ పలకలు ఆరు, 38×140 కొలతవి. రెండు చివర్లా అదే పలక అడ్డంగా. అతుకులన్నీ కింది నుంచి పాకెట్ హోల్ (స్క్రూ కోసం వాలుగా వేసే రంధ్రం) వేసి 64 మి.మీ. స్క్రూలతో. ఉన్న పనిముట్లు డ్రిల్, చేతి సర్క్యులర్ రంపం, రెండు క్లాంపులు. వీడియోల్లో అందరూ ఇలాగే బిగించేస్తున్నారు, కింద వ్యాఖ్యల్లో మాత్రం పగులుతుందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

చిత్రికపట్టు
వ్యాఖ్యల వాళ్ల మాటే నమ్మండి. వీడియో తీసేది బల్ల పూర్తయిన రోజున. పగిలేది ఆ తర్వాత వచ్చే పొడి కాలంలో, దాన్ని ఎవరూ వీడియో తీయరు.

చెక్క నార పొడవునా దాదాపు కదలదు. నారకు అడ్డంగా అయితే, పైన్‌లో తేమ ఒక శాతం తగ్గితే వెడల్పు సుమారు 0.25 శాతం తగ్గుతుంది. కట్టడాల పైన్ 19 శాతం తేమతో కూడా అమ్ముడవుతుంది, ఇంట్లో అది 10 దరిదాపులకు దిగుతుంది. మీ ఆరు పలకలూ కలిపి సుమారు 800 మి.మీ. వెడల్పు, దానికి 8 శాతం తేడా వచ్చినా 16 మి.మీ. చివరి అడ్డపలక తన పొడవులో ఒక్క మి.మీ. కూడా తగ్గదు. ఆరు పలకలూ దగ్గరికి రావాలని చూస్తాయి, స్క్రూలు రానివ్వవు. నారకు అడ్డంగా లాగితే పైన్ ఏమాత్రం ఆగదు. ఏదో ఒక అతుకు విడుతుంది, లేదా బయటి స్క్రూ దగ్గర పగులు మొదలై పలక పొడవునా పాకుతుంది.

వేగిరం
పదహారు మి.మీ. లెక్క తడి పలకకు. బట్టీలో 10 శాతం దాకా ఆరబెట్టిన పలకలు, 600 వెడల్పు, తేమ పెద్దగా మారని గది అనుకోండి. ఏడాదిలో 3 శాతం తేడా వస్తే 4.5 మి.మీ. అటు సగం, ఇటు సగం. పాకెట్ స్క్రూ కాస్త వంగుతుంది, దాని చుట్టూ పైన్ కాస్త నలుగుతుంది, ఆ రెండు మి.మీ. అక్కడే సర్దుకుపోతాయి. అలా చేసిన బల్లలు చాలా నిలబడే ఉన్నాయి. ఆ చివరి అతుకుకు జిగురు మాత్రం పూయొద్దు, పూస్తే ఆ సర్దుబాటు ఉండదు.

చిత్రికపట్టు
వేగిరం గారూ, మీరు చెప్పిన మూడు షరతుల్లో ఆయనకు ఒక్కటైనా ఉందా? పలక కట్టడాలది, వెడల్పు 800, గది సంగతి చెప్పలేదు.

ఉలిదెబ్బ
అడ్డపలకను తప్పు పట్టకండి, బిగించే పద్ధతి తప్పు. పైపలక చివర 12 మి.మీ. మందం, 40 మి.మీ. పొడుగు నాలుక తీయాలి. సర్క్యులర్ రంపం లోతు 13కు పెట్టి, పక్కపక్కన గాట్లు కోసి, ఉలితో చదును చేస్తే నాలుక వచ్చేస్తుంది. 38 మందంలో పైనుంచి 13, కింది నుంచి 13 పోతే మిగిలేది 12. అడ్డపలకలో దానికి సరిపడా గాడి, లోతు 42. రెండింటినీ కలిపి మూడు చోట్ల 10 మి.మీ. రంధ్రాలు వేసి, విడదీసి, నాలుకలో ఉన్న రెండు పక్క రంధ్రాలను మాత్రం వెడల్పు దిశలో 18 దాకా సాగదీయాలి. నడిమిది గుండ్రంగానే ఉండాలి. జిగురు నడుమ ఓ 100 మి.మీ. మేరకే. తర్వాత గుండ్రటి చెక్క మేకులు దిగ్గొట్టండి. పలకలు కదులుతాయి, దోనెలా వంగవు.

ఒక్కటి ముందే తెలిసి ఉండాలి. ఏడాదిలో ఏదో ఒక కాలంలో పైపలక అంచు అడ్డపలక కంటే మూడు నాలుగు మి.మీ. లోపలికో బయటికో కనిపిస్తుంది. అది లోపం కాదు.

రంపపుపొట్టు
డ్రిల్, రంపం, రెండు క్లాంపులు ఉన్న మనిషికి 800 మి.మీ. పొడవునా 42 లోతు గాడి తీయమంటున్నారు! అసలు ఆ అడ్డపలక ఎందుకు? పైపలక వంగకుండా ఉండటానికే అయితే కింది చట్రం చివరి పట్టెలు ఆ పని చేస్తాయి. నడుమ ఇంకో పట్టె వేస్తే చాలు. రెండు చివరి పలకల ఖర్చూ మిగులుతుంది.

ఉలిదెబ్బ
చివర తెరుచుకుని ఉన్న నార తేమను వేగంగా పీలుస్తుంది, అంతే వేగంగా వదులుతుంది. నెర్రెలు మొదలయ్యేది అక్కడే. అడ్డపలక దాన్ని మూసేస్తుంది. మోటు బల్ల అనగానే కంటికి ఆనేది కూడా ఆ పలకే.

రంపపుపొట్టు
చివరలకు పాలిష్ మూడు పూతలు అదనంగా వేయండి, పీల్చడం బాగా నెమ్మదిస్తుంది. అందం సంగతి మీ ఇష్టం, దాని మీద వాదన లేదు.

పాతచెక్క
ఖర్చు తగ్గాలంటే పాత ప్యాలెట్లు వాడొచ్చు కదా?

చిత్రికపట్టు
1800 బల్లకు పనికిరావు. యూరో ప్యాలెట్ 1200×800, పలక మందం 22 మాత్రమే. పొడవు అతకాలి, మేకులు పీకాలి, ఒక్క మేకు మిగిలినా రంపం పళ్లు పోతాయి. చిన్న బల్లకు వాడితే ముద్ర చూసుకోండి. హెచ్‌టీ అంటే లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచింది, పర్వాలేదు. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టింది, ముట్టుకోకండి.

బాడిస
అందరూ అతుకు దగ్గరే ఆగిపోయారు, నా లెక్కలో సగం పని పలకల ఎంపికలోనే ఉంది. పలక కొసలో చూడండి. వలయాల నడిబొడ్డు, అంటే చెట్టు మధ్యభాగం, అందులో ఉంటే ఆ పలక తప్పకుండా నెర్రె విచ్చుతుంది. అలాంటివి పక్కన పెట్టండి. ఇంకో ఉపాయం, 38×286 పలక కొని నడిబొడ్డు ఉన్న పట్టీని కోసి పారేయడం. మిగిలే రెండు పక్కల్లో వలయాలు నిలువుగా ఉంటాయి, కదలిక దాదాపు సగానికి తగ్గుతుంది. పెద్ద దుంగ నుంచి వచ్చేవి కాబట్టి ముడులు కూడా తక్కువ.

ఇంటికి తెచ్చాక వెంటనే కోయకండి. 20 మి.మీ. పుల్లలు 400 దూరంలో ఒకదాని మీద ఒకటి నిలువు వరసలో వచ్చేలా పెట్టి పేర్చి, పైన బరువు ఉంచండి. తేమ మీటరు కొననక్కర్లేదు. ఒక పలకకు గుర్తు పెట్టి వారానికోసారి తూచండి. 38×140×1800 పలక నాలుగున్నర కిలోల దగ్గర ఉంటుంది, 18 శాతం నుంచి 10కి వచ్చేసరికి సుమారు 300 గ్రాములు పోతుంది. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టే. వేగిరం గారి మాట చెల్లితే ఇలా ఆరిన పలకకే చెల్లుతుంది.

వేగిరం
అదే అంటున్నాను. ఆరిన చెక్క, జిగురు లేని బిగింపు. దానికి నాలుకా గాడీ అక్కర్లేదు.

చిత్రికపట్టు
800 వెడల్పుకు నేను ఒప్పుకోను. 600 దాకా అయితే మీ ఇష్టం.

సాదాబల్ల
సరే, చివరి అడ్డపలక మానేస్తాను. ముందు ఆరబెడతాను. పలకల అంచులు గుండ్రంగా ఉన్నాయి, చిత్రిక లేదు. నిడుపు అతుకులు ఎలా కుదురుతాయి? పైపలకను చట్రానికి ఎలా పట్టించాలి?

రంపపుపొట్టు
ఒక తిన్నటి పట్టీని దారిగా బిగించి, ప్రతి అంచూ 3 మి.మీ. చొప్పున కోయండి. 140 పలక 134 అవుతుంది, ఆరింటికి 804. రంపం కాస్త వాలి ఉన్నా భయం లేదు. కలిసే రెండు అంచుల్లో ఒకదాన్ని పలక ముఖం పైకి పెట్టి, రెండోదాన్ని ముఖం కిందికి పెట్టి కోస్తే వాలు ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది. ఇక్కడ నార ఒకే దిశలో ఉంది కాబట్టి జిగురు ధారాళంగా పూయండి. బాగా కుదిరిన అంచు అతుకు చెక్క కంటే గట్టిది, స్క్రూలు అక్కర్లేదు. క్లాంపులు రెండే కాబట్టి ఒక్కసారికి రెండు పలకలే అతికించి గంట ఆగండి. ఒత్తిడి చాలకపోతే నేల మీద రెండు పట్టెలు బిగించి వాటి మధ్య జంట ఆప్పులు (వాలుగా కోసిన చెక్క ముక్కలు) కొట్టండి, క్లాంపు పని చేస్తాయి. అతుకు మీద బరువు పెట్టడం ఒక రోజు ఆగాకే.

చట్రానికి 38×89 పట్టె వాడండి, 140 వద్దు. 750లో పైపలక 38, చట్రం 140 పోతే కింద మిగిలేది 572, కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. 89 అయితే 623 మిగులుతుంది. చివరి పట్టెల్లోనూ నడిమి పట్టెలోనూ నడుమ ఒక స్క్రూ గట్టిగా, పక్కల్లో 5 మి.మీ. స్క్రూకు 14 మి.మీ. పొడుగు గాడి రంధ్రం, వాషర్‌తో. గాడి బల్ల వెడల్పు దిశలో ఉండాలి. పొడవు దిశలో కోస్తే కోయనట్టే.

ఉలిదెబ్బ
ఆ వాషర్ స్క్రూలను బిగించాక పావు చుట్టు వదులు చేయండి. పాలిష్ పైన ఎన్ని పూతలు వేస్తే కిందా అన్నే వేయండి. ఒక్క పక్కే వేస్తే రెండు ముఖాలూ సమంగా ఆరవు, పలక వంగుతుంది. అవిసె నూనె వాడితే ఆ గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టండి.

వేగిరం
పావు చుట్టు వదులు చేస్తే బల్ల జరిపిన ప్రతిసారీ కిర్రుమంటుంది. స్ప్రింగ్ వాషర్ వేసి బిగించండి.