టోల్కీన్ దేవతల్లో అన్నదమ్ములు ఎలా అయ్యారు? తెలిసినవాళ్లు చెప్పగలరా

1977లో వచ్చిన టోల్కీన్ పురాణకథల పుస్తకం 'సిల్మరిలియన్' రెండోసారి చదువుతూ, అందులోని పద్నాలుగు మంది వాలార్ దేవతలకు చార్ట్ పేపర్ మీద వంశవృక్షం గీస్తున్నాను. భార్యాభర్తల గీతలు తేలిగ్గానే పడ్డాయి: మాన్వే–వార్దా, ఔలే–యవన్నా, తుల్కస్–నెస్సా లాంటివి. ఉల్మో, నియెన్నా ఒంటరివాళ్లు.

చిక్కంతా తోబుట్టువుల దగ్గరే. వీళ్లందరూ సృష్టికర్త ఇలూవతార్ ఆలోచనలోంచి పుట్టినవాళ్లు. తల్లీ లేదు, కడుపునా పుట్టలేదు. మన బ్రహ్మ మానసపుత్రుల్లాగా అనుకుంటే పుట్టుక వరకు అర్థమవుతుంది. కానీ అప్పుడు అందరూ తోబుట్టువులే అవ్వాలి కదా! మరి మాన్వేనీ, ఎదురుతిరిగి ఈ పద్నాలుగు మంది లెక్కలోంచి పోయిన మెల్కోర్‌నీ విడిగా అన్నదమ్ములని ఎందుకు అన్నారు? నామో, ఇర్మో, నియెన్నా కూడా అలాగే ఒక జట్టు. వానా అయితే యవన్నాకి చెల్లెలట. కాలమే మొదలవ్వకముందు పెద్దా చిన్నా ఎలా వచ్చింది? మాన్వే, మెల్కోర్‌ల మధ్య గీత మూడుసార్లు చెరిపాను, అక్కడ కాగితం నలిగిపోయింది.

ఇంకోటి. తొలి రాతల్లో మాన్వేకి ఫియోన్వే అనే కొడుకు ఉన్నాడు. తర్వాత అతనే ఎయోన్వే అనే వార్తాహరుడయ్యాడు, కొడుకు కాదు. దేవతలకు పిల్లలుండటం టోల్కీన్ ఎందుకు తీసేశారో ఆయన ఉత్తరాల్లోగానీ చిత్తుప్రతుల్లోగానీ ఎక్కడైనా చెప్పారా? ఏ సంపుటంలో చూడాలో చెప్పినా చాలు, వెతుక్కుంటాను. ఈ కథలంటే నాకు ప్రాణం, చార్ట్ తప్పుగా గీయడం ఇష్టం లేదు.