‘డిప్రికేటెడ్’ని తెలుగులో ఏమందాం? కాలం చెల్లిందనా, ఉద్వాసన చెప్పామనా?

అందరికీ నమస్కారం. రుషికొండ ఐటీ హిల్ మీద ఓ చిన్న టీమ్‌లో పనిచేస్తాను. మా లైబ్రరీ (పుస్తకాలది కాదు, వేరేవాళ్ల ప్రోగ్రాముల్లో కలుపుకునే కోడ్) విడుదల నోట్సు (కొత్త వెర్షన్లో ఏం మారిందో చెప్పేవి) తెలుగులోనూ ఉండాలని నేనే ముచ్చటపడ్డాను. 4.2 వెర్షన్ నోట్సులో ఒక ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) పక్కన, ‘డిప్రికేటెడ్’ అనడానికి ‘కాలం చెల్లినది’ అని రాశాను. మర్నాడు పొద్దున్నే మా ఇంటర్న్ కుర్రాడి ఫోన్. "సార్, రాత్రంతా కూర్చుని అది వాడిన పదిహేడు చోట్లా పీకేశానండి. ఇప్పుడు ప్రోగ్రాములో బిల్లు రావట్లేదు."

ఎందుకు పీకావయ్యా అంటే, "కాలం చెల్లిన మందులు పారేస్తారు కదండీ" అన్నాడు. వాడి తప్పేం లేదు. నేను పెట్టిన మాటే తప్పు.

డిప్రికేటెడ్ అంటే చచ్చిపోయిందని కాదు. ఇవాళ పనిచేస్తుంది, రేపూ పనిచేస్తుంది. కొత్తగా వాడొద్దు, ఉన్నవాటిని తీరిగ్గా మార్చుకోండి, ఫలానా వెర్షన్లో తీసేస్తాం అని ముందుగా చెప్పడం. వెర్షన్ అంకెల పద్ధతి కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. 4.2.1లో చివరి అంకె మారితే తప్పులు దిద్దారని. మధ్యది మారితే కొత్తవి చేరాయి, పాతవి కదల్లేదని. మొదటిది మారితేనే పాత కోడ్‌కి గండం. కాబట్టి 4.2లో హెచ్చరించి 5.0లో తీసేయడం మర్యాద.

‘వాడుక తప్పిన’ అందామంటే, జనం ఇంకా వాడుతూనే ఉన్నారు. ‘కాలదోషం పట్టిన’ అంటే ప్రోనోటు గుర్తొస్తుంది. ‘మురిగిపోయిన’ అనడానికి నోరు రాలేదు. లాటిన్ మూలం చూస్తే, ప్రార్థించి తప్పించుకోవడమట. అంటే మన ‘నీకో దండం’! కానీ నోట్సులో అలా రాయలేం కదా. మీరేమంటారు?

ఎంవీపీ కాలనీ, రిటైరైన తెలుగు మాస్టారు: ‘ఉద్వాసన’ ఉందిగా నాయనా. చవితి పూజ అయ్యాక ఉద్వాసన చెప్పి విగ్రహాన్ని కాస్త కదుపుతాం. విగ్రహం పీట మీదే ఉంటుంది, కొత్తగా పూజ చెయ్యం. నీళ్లలో కలిపేది తరవాతెప్పుడో. నువ్వు చెప్పింది ఉద్వాసన, మీ కుర్రాడు చేసింది నిమజ్జనం.

నేను: మాస్టారూ, పాదాభివందనం. ఇంటర్నెట్ ప్రమాణాల్లో కూడా అచ్చం ఇలాగే రెండు తేదీలున్నాయి. ఏపీఐ (ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని పని అడిగే దారి) పంపే జవాబులో, ఎప్పుడు ఆగిపోతుందో చెప్పే ‘సన్‌సెట్’ అనే హెడర్ (జవాబుతో పాటు వచ్చే చీటీ లాంటిది) 2019లో వచ్చింది, ఎప్పటినుంచి వాడొద్దో చెప్పే ‘డిప్రికేషన్’ హెడర్ 2025లో. రెండూ పెడితే, సన్‌సెట్ తేదీ డిప్రికేషన్ తేదీ కన్నా ముందు ఉండకూడదని నియమం. ఉద్వాసన కాకుండా నిమజ్జనం లేదన్నమాట.

సీతమ్మధార, జావా డెవలపర్: మా జావా ప్రోగ్రామింగ్ భాషలో థ్రెడ్‌ని (ప్రోగ్రాములో ఒకపక్క నడిచే పనిని) ఆపే ‘స్టాప్’ పద్ధతికి 1998లో ఉద్వాసన చెప్పారు. అది పనిచేయడం మానేసింది 2023లో, జావా 20తో. ఇరవై నాలుగేళ్లు పీట మీదే! మధ్యలో జావా 9లో ‘దీన్ని తీసేయబోతున్నాం’ అని విడిగా రాసే వీలు పెట్టారు. ఉత్త హెచ్చరికని ఎవరూ ఖాతరు చేయట్లేదని వాళ్లకీ అర్థమైనట్టుంది.

గాజువాక సభ్యుడు: పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రెండో వెర్షన్‌కి సపోర్ట్ (తప్పులు దిద్దిపెట్టడం) ఆపడానికి 2015 అని ముహూర్తం పెట్టి 2020 జనవరి 1కి వాయిదా వేశారు. అయినా కొందరు కదల్లేదు. అలా మిగిలిపోయినదాన్ని ఏమనాలి?

నేను: దానికి మన విశాఖ బీచ్‌లోనే ఉదాహరణ ఉంది. కుర్సురా జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది. ఇప్పుడు మ్యూజియం. లోపలికెళ్లి చూడొచ్చు, ఫోటో దిగొచ్చు. సముద్రంలోకి మాత్రం వెళ్లదు, ఏదైనా చెడితే యుద్ధానికి సిద్ధం చేసేవాళ్లూ ఉండరు. సపోర్ట్ ఆగిపోయిన వెర్షన్ అంటే అదే. దాన్ని ‘మద్దతు ఉపసంహరణ’ అని రాస్తే మాత్రం ప్రభుత్వం పడిపోయినట్టుంటుంది. నేను ‘సపోర్ట్’ అనే ఉంచేస్తాను.

సీతమ్మధార, జావా డెవలపర్: ‘ఉద్వాసన’ బాగుంది గానీ, పేపర్లో ‘మంత్రికి ఉద్వాసన’ అంటే పదవి ఊడినట్టే. మీ ఇంటర్న్ మళ్లీ పీకేస్తాడు.

మాస్టారు: అది పేపర్ల వాళ్ల పుణ్యం. అయితే నా మాటకి నేనే ఒక అడ్డు చెప్పుకుంటాను. ఉద్వాసన మంత్రంలో ‘పునరాగమనాయ చ’ అని ఉంది, మళ్లీ రమ్మని. మీ ఫంక్షన్ని మళ్లీ రమ్మంటారా?

నేను: డిప్రికేట్ చేశాక మనసు మార్చుకుని ఉంచేసుకున్నవీ ఉన్నాయి మాస్టారూ, అదేం అడ్డు కాదు. పేపర్ అర్థంతోనే చిక్కు. అందుకని మాట్లాడుకునేటప్పుడు ఉద్వాసన, నోట్సులో మాత్రం వాక్యమే. ఇందాకే మార్చాను: "కొత్తగా వాడకండి. 5.0 వచ్చేదాకా పనిచేస్తుంది, అప్పుడు తీసేస్తాం. దీని బదులు ఏది వాడాలో కింద ఉంది."

కుర్రాడికి చూపిస్తే రెండుసార్లు చదివి, "ఐతే ఇప్పుడేటీ పీకక్కర్లేదు కదండీ?" అన్నాడు. పదిహేడూ వెనక్కి పెడుతున్నాడు.