బాల్ పెన్ను గొట్టానికి నడుమ ఆ చిన్న రంధ్రం ఎందుకు?

సైన్సు పంతులు, నల్లగొండ:
అందరికీ నమస్కారం. నేను నల్లగొండ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. మొన్న పీడనం పాఠం నడుస్తుండగా ఒక అమ్మాయి తన మేనమామ దుబాయి నుంచి తెచ్చిన పెన్ను చూపించి, "సార్, ఇది పగిలిందా, కంపెనీవాళ్లే రంధ్రం పెట్టారా?" అని అడిగింది. అది బిక్ క్రిస్టల్ పెన్ను. ఆరు పలకల పారదర్శకమైన గొట్టం, నీలి మూత. గొట్టం నడుమ గుండుసూది మొన దూరేంత రంధ్రం ఉన్నది, మూత కొసన మరొకటి. మొదటిది గాలి కోసమని చెప్పి అప్పటికి గట్టెక్కాను. రెండోది సిరా ఎండిపోకుండా ఉండటానికని ఒక పిల్లవాడు అన్నాడు గాని, రంధ్రం ఉంటే ఇంకా త్వరగా ఎండాలి కదా అని నా అనుమానం. మన రేనాల్డ్స్ గుండ్రంగా ఉంటే దీనికి ఆరు పలకలు ఎందుకన్నది మరో ప్రశ్న. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

లేత్ పని, జడ్చర్ల:
నమస్కారం సార్. ముందు మూత సంగతి చెప్పి పక్కన పెడతాను. దానికీ సిరాకూ సంబంధం లేదు. పిల్లలు మూత నములుతూ పొరపాటున మింగితే అది గొంతులో అడ్డుపడి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉన్నది కాబట్టి, వైద్యం అందేదాకా కొంతైనా గాలి ఆడాలని 1991లో మూతకు ఆ రంధ్రం పెట్టారు. తరువాత దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది.

ఇక గొట్టం రంధ్రం. రీఫిల్ వెనుక కొస తెరిచే ఉంటుంది. రాసిన కొద్దీ సిరా కిందికి దిగుతుంది, ఖాళీ అయిన జాగలోకి గాలి రావాలి. గొట్టానికి వెనుక బిరడా బిగించి, ఎక్కడా సందు లేకుండా చేస్తే లోపలి పీడనం తగ్గి సిరాను వెనక్కి పట్టుకుంటుంది. అయితే రంధ్రానికి టేపు అంటించి రెండు పేజీలు రాయిస్తే పిల్లలకు తేడా కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఖర్చైన సిరా కంటే గొట్టంలోని గాలి ఎన్నో రెట్లు ఎక్కువ. నా దృష్టిలో మన ప్రాంతానికి ఎండ ఉదాహరణే సరిపోతుంది. 27 డిగ్రీల దగ్గర మూసేసిన గొట్టం మే నెలలో బండి పెట్టెలో పడి 57 డిగ్రీలకు చేరిందనుకోండి. 273 కలిపితే కెల్విన్లలో 300 నుంచి 330 అవుతుంది, అంటే లోపలి గాలి పీడనం పదిశాతం పెరిగి, వేడికి ఇప్పటికే పలుచబడ్డ సిరాను ముందుకు నెడుతుంది. ఆ తరువాత ఏమవుతుందో చొక్కా జేబే చెబుతుంది.

అయినా, పెన్ను గొప్పతనం రంధ్రంలో లేదు, మొనలో ఉన్నది. క్రిస్టల్‌లో ఒక మిల్లీమీటరు గుండు ఇత్తడి గూటిలో తిరగాలి. గూడు వదులైతే సిరా కారుతుంది, బిగిస్తే గుండు తిరగదు. బిక్ కంపెనీ పెట్టిన మార్సెల్ బిక్ పారిస్ పక్కన క్లిషీలో స్విట్జర్లాండు నుంచి గడియారాలు తయారుచేసే యంత్రాలు తెప్పించి, మిల్లీమీటరులో వందో వంతు కొలతకు లోహాన్ని చెక్కించాడు. 1961 నుంచి గుండు టంగ్‌స్టన్ కార్బైడ్‌తో వస్తున్నది. మేము లేత్ మీద ఉక్కును కోసే టూలు మొనకు పెట్టేది కూడా అదే.

పాత స్టేషనరీ దుకాణం, మిర్యాలగూడ:
పైన జడ్చర్ల అన్న చెప్పినది నిజమే గాని, గొట్టాన్ని అంత తేలిగ్గా తీసేయకూడదని నా మనవి. గుండు పెట్టిన పెన్నుకు 1888లోనే అమెరికాలో జాన్ లౌడ్ పేటెంటు పొందాడు. అది తోలు మీద గుర్తులు పెట్టడానికి పనికొచ్చిందే తప్ప కాగితం మీద నడవలేదు. హంగేరీకి చెందిన లాస్లో బీరో, పత్రికల అచ్చు సిరా త్వరగా ఆరడం గమనించి, రసాయనం తెలిసిన తన అన్న సహాయంతో చిక్కటి సిరా తయారుచేసి 1938లో పేటెంటు తీసుకున్నాడు. 1945 అక్టోబరులో న్యూయార్క్‌లో మిల్టన్ రేనాల్డ్స్ తన పెన్నును పన్నెండున్నర డాలర్లకు అమ్మితే జనం ఎగబడ్డారు, ఆ తరువాత కారుతున్నదని తిరిగి తెచ్చిచ్చినవారూ ఉన్నారు. మనకు తెలిసిన పెన్ను మీది పేరు ఆయనదే. బిక్ 1950 డిసెంబరులో క్రిస్టల్‌ను తెచ్చేనాటికి జనానికి బాల్ పెన్ను మీద నమ్మకం లేదు. సిరా ఎంత మిగిలిందో కళ్లకు కనిపించే గొట్టం ఆ నమ్మకాన్ని తిరిగి తెచ్చిందని నేను అనుకుంటాను.

ఆరు పలకలు పెన్సిలు నుంచి వచ్చాయి. మూడు వేళ్లకు పట్టు దొరుకుతుంది, వాలు బల్ల మీద దొర్లదు. దొర్లకపోవడం ఎంత అవసరమో దుకాణంలో ముప్ఫై ఏళ్లు కూర్చున్నవాడికి తెలుస్తుంది. గుండ్రటి పెన్ను బెంచీ మీది నుంచి దొర్లి మొన కిందికై సిమెంటు నేల మీద పడితే గూడు అంచు ఒక వెంట్రుకంత వంగుతుంది, ఆపై అక్షరానికో చుక్క కారుతుంది, లేదా అసలు రాయదు. పిల్లలు దాన్ని రబ్బరు చెప్పు అడుగున గీకి, అరచేతుల మధ్య రుద్ది, వెనుక నుంచి ఊది, నీలి పెదవులతో నా దగ్గరికి వచ్చి, "పెన్ను ఖరాబున్నది, మార్చియ్యి" అనేవారు. సగం సిరా వాడిన పెన్నును ఎలా మార్చాలి?

మరో చిన్న మాట. రేనాల్డ్స్ 045 తెల్లటి ఒంటి మీద "ఫైన్ కార్బ్యూర్" అని రాసి ఉండేది. అదేమిటని అడిగినవారికి కంపెనీ పేరని చెప్పి పంపేవాణ్ని. ఫ్రెంచిలో కార్బైడ్‌నే కార్బ్యూర్ అంటారట, జడ్చర్ల అన్న చెప్పిన పదార్థమే.

లేత్ పని, జడ్చర్ల:
కార్బ్యూర్ మాట నాకు ఇప్పుడే తెలిసింది, ఇన్నేళ్లు జేబులో పెట్టుకొని తిరిగాను. గొట్టం విషయంలో సగం ఒప్పుకుంటాను. 2006 నాటికి క్రిస్టల్ పెన్నులు పదివేల కోట్లు అమ్ముడుపోయాయి. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో కూడా ఇది ఉన్నది. చూపులకు మాత్రమే అయితే మ్యూజియం చాలు, పదివేల కోట్లకు మాత్రం గుండు సరిగా తిరగాలి.

సైన్సు పంతులు, నల్లగొండ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 300, 330 లెక్క ఇవాళ నల్లబల్ల మీద వేయించాను, బాగా పట్టుకున్నారు. మూత రంధ్రం కారణం కూడా చెప్పాను. చెప్పి ఇటు తిరిగేసరికి, నిజంగా గాలి పోతుందో లేదో చూద్దామని వెనుక బెంచీలో నలుగురు తలా ఒక మూత నోట్లో పెట్టుకొని ఊదుతున్నారు. మూతలన్నీ లాక్కొని బల్ల సొరుగులో పెట్టాను, రేపు తిరిగి ఇవ్వాలి.